ఎలిశిబా ఏరిపెట్టిన పురుగులు

పొద్దున్నే పొయ్యి ముట్టించే ముందు ఎలిశిబా ప్రతి కట్టెపుల్లనూ తెల్లటి పింగాణి పళ్ళెం మీద అడ్డంగా పట్టుకుని గరిటెకాడతో మూడుసార్లు తడుతుంది. తట్టి, ఏం రాలిందో ఒంగి చూస్తుంది. బూజు, బెరడు పొట్టు తప్ప ఏమీ లేకపోతే పుల్ల పొయ్యిలోకి పోతుంది. ఏదైనా కదిలిందంటే మాత్రం ఆ పూట ఆ ఇంట్లో చాయ ఆలస్యమే. సన్నటి కుంచె కొసను స్పిరిట్లో తడిపి, కదిలేదాన్ని దానితో అద్ది, చిన్న గాజుగొట్టంలోకి జారవిడుస్తుంది. అది ఏ చెట్టు కట్టె, ఎక్కడ విరిచింది, ఏ రోజు అన్నది పెన్సిలుతో చీటీ మీద రాసి అందులోనే వేస్తుంది. ఆ తర్వాతే అగ్గిపుల్ల గీస్తుంది.

టేక్మాల్ వైపు నుంచి నెత్తిన మోపు పెట్టుకుని మెదక్ వచ్చి కట్టెలమ్మే వజ్రమ్మకు మొదట్లో ఈ తంతు తలకొట్టేసినట్టుగా ఉండేది.

"నా కట్టెలల్ల ఏం దాసిపెట్టిన్నని గట్ల దులుపుతున్నవమ్మా? తేళ్ళున్నయనుకున్నవా?"

"తేళ్ళు గాదు వజ్రమ్మా, పురుగులు."

"పురుగులుంటె మోపు వాపసియ్యి, ఇంకోటి తెస్త. ఇంట్ల ఏరుకుంట గూసుంటవా?"

"వాపసెందుకు? పురుగులున్నయే తే. లేనివి నాకొద్దు."

వజ్రమ్మ గడప మీద కూలబడి, చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది కట్టెలమ్ముతున్న. పురుగువట్టినయి గావాలన్న తల్లిని నిన్నే సూసిన."

నవ్వితే నవ్వింది గాని, మరుసటి వారం నుంచి వానకు తడిసి నల్లబూజు పట్టిన పుల్లలను వేరే చిన్న కట్టగా కట్టి తెచ్చేది. "గివి నీయి, గివి పొయ్యియి" అని రెండు చోట్ల పడేసేది. ఏ చెట్టువని ఎలిశిబా అడిగితే, "సీతాఫలంది. అడవంచున ఇరిసిన. పొద్దుగాల ఇరిసిన. ఎడమ చేత్తోని ఇరిసిన. ఇంకేమన్న రాసుకుంటవా?" అనేది.

ఎలిశిబా దవాఖాన ల్యాబులో పనిచేస్తుంది. నెత్తురు, మూత్రం, కళ్ళె పరీక్షలు ఆమెవే. ఇరవయ్యో ఏట చేరింది. పెళ్ళయిన మూడో ఏడు భర్త రిచర్డ్ సన్నిపాత జ్వరంతో పోతే, చర్చి వెనక వీధిలో తండ్రి దావీదు దగ్గరికే తిరిగి వచ్చింది. పిల్లల్లేరు. దావీదు చర్చి ఆవరణలో తోటపని చేసి మానుకున్న మనిషి. ఆ గుడి కడుతున్నప్పుడు, పదేళ్ళ వయసులో, కరువు కూలికి వచ్చి రాళ్ళు మోసినవాడు.

ఆమె చేరిన కొత్తలో రోజుకు అరవై, డెబ్బై నెత్తురు స్లైడ్లు చూసేది. మెదక్ చుట్టుపక్కల మలేరియా లేని ఇల్లు ఉండేది కాదు. గోరంత నెత్తుటి మరకలో మలేరియా క్రిమిని పట్టుకోవాలంటే చూపు నిలకడగా ఉండాలి, తొందర ఉండకూడదు. ఆ రెండూ ఆమెకు అలా వచ్చాయి. తర్వాత ప్రభుత్వం వాళ్ళు ఊరూరా ఇళ్ళగోడలకు డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. నాలుగైదేళ్ళలో జ్వరాలు తగ్గాయి, స్లైడ్లు తగ్గాయి. మధ్యాహ్నాలు మైక్రోస్కోపు గుడ్డ కప్పుకుని ఊరికే కూర్చునేది. దాని పక్కన ఎలిశిబా కూడా కూర్చునేది.

పందొమ్మిది వందల అరవై రెండులో, మిరపకాయ కోతల రోజుల్లో, ప్రభాకర్ రావు అనే ఆయన జ్వరంతో ఆ దవాఖానకు వచ్చాడు. హైదరాబాదులో ఒక కాలేజీలో కీటకాల పాఠాలు చెప్పేవాడు. మిరపతోటల్లో ఆకుముడత చూడటానికి వచ్చి, తోటల్లోనే పడిపోయాడు. ఎలిశిబా ఆయన వేలు పొడిచి నెత్తురు తీసింది. మలేరియా అని తేలింది. మూడో రోజు లేచి నడవగానే ఆయన ల్యాబుకు వచ్చి, తన నెత్తుటి స్లైడు తానే చూస్తానన్నాడు. చూశాక క్రిమి సంగతి మరిచిపోయి, "ఈ స్లైడు ఎవరు చేశారండీ?" అని అడిగాడు.

"నేనే సార్. ఏమన్న తప్పున్నదా?"

"తప్పా? నా దగ్గర ఎమ్మెస్సీ చదివే వాళ్ళెవరూ ఇంత శుభ్రంగా చెయ్యరు."

వెళ్ళేటప్పుడు ఆయన తామరపురుగులున్న గొట్టం ఒకటి ఇచ్చి వెళ్ళాడు. వాటిని స్లైడ్ల మీదికి ఎక్కించి పంపగలరేమో చూడమన్నాడు. తామరపురుగంటే మిరపాకుకు ముడత తెచ్చేదని రైతులకు తెలుసు. కాని దాని చుట్టాలు వందల రకాలు. అన్నీ పంటల మీద పడేవి కావు. ఎండుపుల్లల మీది బూజు తిని ఎవరి జోలికీ పోకుండా బతికేవి కొన్ని. ప్రభాకర్ రావుకు ఆసక్తి ఆ బూజు తినేవాటి మీదే. నువ్వుగింజంత పొడవు, దారప్పోగంత వెడల్పు. రెక్కలు పురివిప్పితే అంచు నిండా ఈకకున్నట్టు వెంట్రుకలు.

ఎలిశిబా ఆ పని నేర్చుకున్న తీరు చెప్పుకోవలసిందే. పురుగును పొటాషు నీళ్ళలో నానబెట్టి లోపలి కండ కరిగించాలి. స్పిరిట్లో కడిగి, లవంగనూనెలో తేర్చి, గాజు మీద బంకలో పడుకోబెట్టాలి. కాళ్ళు, కొమ్ములు, రెక్కలు అన్నీ విడివిడిగా కనబడాలి. అందుకు సూది మొరటు. ఆమె తన కనురెప్ప వెంట్రుకను చీపురుపుల్ల కొసకు అంటించి, దానితో ఒక్కొక్క కాలూ సర్దేది. మొదటి యాభై స్లైడ్లు పాడయ్యాయి. యాభై ఒకటోది తపాలాలో హైదరాబాదు వెళ్ళింది. ల్యాబంతా లవంగనూనె వాసన కొట్టేది. నెత్తురు పరీక్షకు వచ్చిన ముసలివాళ్ళు, "పన్ను నొస్తుందా బిడ్డా?" అని ఆమెనే పరామర్శించేవారు.

ప్రభాకర్ రావు ఉత్తరాల్లో పాఠం చెప్పేవాడు. ప్రజాతి అన్నా, జాతి అన్నా ఏమిటని ఆమె అడిగితే, మన ఇంటిపేరూ, పేరూ అనుకోండి అని రాశాడు. ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ ఇంట్లో అందరికీ ఒకటే. పేరు తర్వాత వస్తుంది, ఎవరిది వాళ్ళదే. ఆయన పట్టుకున్న ప్రజాతిలో అప్పటికి పది పేర్లున్నాయి. అన్నీ ఎవరెవరో విదేశీయులు తలా ఒకటి రెండు ఎండిన పురుగుల్ని చూసి పెట్టినవి. ఏది నిజంగా వేరు, ఏది కాదు అన్నది ఎవరూ కూర్చుని చూడలేదు. ఆ ఇంటి వాళ్ళందరినీ సరిగ్గా వరస పెట్టాలన్నది ఆయన పట్టుదల.

వాటిలో ఒకటి మెదక్ సీతాఫలం పుల్లల మీద దొరికింది. ముప్పై ఏళ్ళ కిందట ఒక విదేశీయుడు దానికి లాటిన్‌లో సన్ననిది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఎలిశిబా దాన్ని గొట్టాల కొద్దీ పంపింది. దానితోపాటు ఇంకొకటి పంపింది. ఇది ఒళ్ళు లావు, ముందుకాళ్ళు పహిల్వాన్ చేతుల్లా ఉబ్బి ఉన్నాయి, కాలి కొసన కొడవలిలాంటి పన్ను. ప్రభాకర్ రావు ఏడాది పాటు పుస్తకాలు తిరగేశాడు. ఎక్కడా దాని వర్ణన లేదు. కొత్త జాతి అని తేల్చాడు. అరవై ఆరులో అచ్చయిన వ్యాసంలో దానికి, లాటిన్ పద్ధతిలో చివర కాస్త మార్చి, ‘ఎలిశిబే’ అని పేరు పెట్టాడు.

అచ్చుప్రతి మెదక్ వచ్చిన రోజు దావీదు దాన్ని తువ్వాలులో చుట్టుకుని బయటికి వెళ్ళి, పొద్దుగూకాక గాని ఇంటికి రాలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కూతురు చూపించిన చోట గోటితో చిన్న గీత పెట్టుకున్నాడు. రాందాస్ చౌరస్తాలో హోటలు ముందు కూర్చున్న వాళ్ళకు ఆ గీత దగ్గర వేలు పెట్టి చూపించాడు.

"నా బిడ్డ పేరు. దునియాల యాడ గీ పురుగు దొరికినా గిదే పేరు పలకాలె. లండన్ల దొరికినా గంతే."

"పురుగుకా పెట్టిండ్రు దావీదు తాతా? ఏ పులికన్న పెట్టకపోయిండ్రా?" అని ఒకరు ఆటపట్టించారు.

"పులికి పేరు ఎప్పుడో అయిపోయింది. లైన్‌ల లేటుగ నిలవడితె గిదే దొరికింది" అన్నాడు దావీదు.

ఆదివారం ఆరాధన చివర పాస్టరయ్య ప్రకటనల్లో ఆ సంగతి కూడా చదివాడు. ఎలిశిబా ఆడవాళ్ళ వరసలో తల దించుకుని కూర్చుంది. సంతోషం లేక కాదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

మరుసటి ఏడు ప్రభాకర్ రావు ప్రజాతి మొత్తానికీ పట్టిక రాయడం మొదలుపెట్టాడు. ఎవరికి ఈ పురుగు దొరికినా ఆ పట్టిక చూసి పేరు చెప్పగలగాలి. పట్టికలో మొదటి ప్రశ్నే ముందుకాళ్ళది. లావుగా, పెద్ద పన్నుతో ఉంటే ఒక వైపు వెళ్ళాలి, సన్నగా ఉంటే రెండో వైపు. డిసెంబరు ఆఖరున అచ్చుకు ఇవ్వాలి. ‘ఎలిశిబే’ పిల్ల దశలు ఎలా ఉంటాయో కూడా అందులో చేర్చాలని ఉంది, పెంచి పంపగలరా అని ఆయన ఉత్తరం రాశాడు.

దవాఖానలో ఖాళీ అయిన పెనిసిలిన్ సీసాలకు కొదవలేదు. ఎలిశిబా ఒక సీసాలో తడిదూది పెట్టి, బూజుపట్టిన సీతాఫలం పుల్ల ముక్క వేసి, పహిల్వాన్లున్న గుంపు నుంచి ఒక్క తల్లిపురుగును తీసి అందులో విడిచింది. మూతికి పట్టుగుడ్డ కట్టింది. అది జులై నెల. తల్లి గుడ్లు పెట్టింది. ఎర్రటి పిల్లలు పుట్టాయి. రోజూ మధ్యాహ్నం అన్నం తినడానికి ముందు వాటిని చూసేది. కొన్నిటిని స్పిరిట్లో వేసి దాచి, మిగతావాటిని పెరగనిచ్చింది. నాలుగు వారాలకు పందొమ్మిది పెద్దవయ్యాయి. అందులో మగవి ఏడు. కాళ్ళ తేడా బాగా కనబడేది మగవాటిలోనే.

ఏడింటినీ స్లైడ్ల మీద పెట్టి చూసింది. రెండు పహిల్వాన్లు. నాలుగింటికి కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. అవి ముప్పై ఏళ్ళ కిందటే పేరు పెట్టిన సన్నవే, ఏ తేడా లేదు. ఏడోది రెంటికీ మధ్యన ఉంది. కాలు అంత లావూ కాదు, అంత సన్నమూ కాదు. పన్ను ఉందీ అంటే ఉంది.

ఒక్క తల్లి. ఒక్క సీసా.

ఎలిశిబా మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు గుర్తొచ్చింది పురుగు కాదు, తను పని చేసిన తీరు. పళ్ళెంలో పురుగులు రాలినప్పుడల్లా ఆమె బియ్యం ఏరినట్టు వాటిని ఏరేది. లావువి ఒక గొట్టంలో, సన్నవి ఇంకో గొట్టంలో. కలగాపులగంగా పంపితే సార్ అశ్రద్ధ అనుకుంటాడని భయం. ఎటు వెయ్యాలో తెలియని మధ్యరకం వాటిని ఎదుగుదల చెడినవనుకుని పారబోసేది. అలా ఏరానని ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. అదీ చెప్పే సంగతేనని ఆమెకు తోచలేదు. హైదరాబాదులో గొట్టం తెరిచిన ప్రభాకర్ రావుకు ఒకదాంట్లో అన్నీ పహిల్వాన్లు, ఇంకోదాంట్లో అన్నీ బక్కవి కనబడ్డాయి. మధ్యవి ఉన్నాయని ఆయనకు తెలిసే దారే లేదు. ఆడవాటిలో తేడా అంతగా తెలియడం లేదని ఆయన ఒకసారి రాశాడు కూడా.

ఆ కొత్త జాతిని పుట్టించింది మెదక్ అడవి కాదు, తన శుభ్రం.

అయినా ఒక్క సీసాను నమ్మలేదు. సీసాలో వేసిన పుల్ల మీద ముందే వేరే గుడ్లు ఉండి ఉండవచ్చు. పుల్లలను ఉడకబెట్టి ఆరేసి, వాటి మీద కొత్తగా బూజు పట్టించి, మళ్ళీ ఆరు సీసాలు పెట్టింది. మూడింటిలో లావువాటి గుంపు నుంచి ఒక్కొక్క తల్లి, మూడింటిలో సన్నవాటి గుంపు నుంచి ఒక్కొక్క తల్లి. అక్టోబరు నాటికి అన్నిట్లోనూ అదే కథ. బూజు దండిగా ఉన్న సీసాలో పహిల్వాన్లు ఎక్కువ, బూజు ఎండిపోయిన సీసాలో బక్కవి ఎక్కువ. తిండి దొరికిన పిల్ల బలిసింది, దొరకని పిల్ల బక్కచిక్కింది. అంతే తేడా.

పాతపేరు ఉన్న జీవికి మరొకరు కొత్తపేరు పెడితే పాతదే నిలుస్తుందని ప్రభాకర్ రావే ఆమెకు నేర్పాడు. ఈ సంగతి బయటికి వస్తే ‘ఎలిశిబే’ పోతుంది. రాకపోతే ఉంటుంది. ఈ బూజుపురుగుల్ని సీసాల్లో పెంచి చూసేవాళ్ళు ఆమెకు తెలిసినంతలో ఇంకెవరూ లేరు.

తండ్రికి చెప్పకుండా ఉత్తరం రాయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఒక సాయంత్రం దావీదు అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుంది.

"నాయినా, గా పురుగు ఏరే రకం గాదు. పాతదే."

"ఏ పురుగు?"

"నా పేరు వెట్టింది. తిండి మస్తుగ దొరికితె గట్ల పెరుగుతది, లేకుంటె గిట్ల. రెండు ఒక్క తల్లి పిల్లలే."

"సారుకు తెల్వదా?"

"తెల్వది. నేనే ఏరి పంపిన. గందుకె తెల్వలే."

"మరి తెల్వకుంటనే ఉండనియ్యి." దావీదు ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాడు. "నువ్వు జెప్పకుంటె ఎవలన్న జెప్తరా?"

"ఎవలు జెప్పరు."

"చెప్పకుంటె గా పురుగు సస్తదా? పంట వోతదా?"

"పోదు. సారు అందరి కోసం పట్టిక రాస్తుండు నాయినా. మొదటి మాటే తప్పువడ్తది. గది సూసి ఎంతమంది తప్పు జెప్తరో."

దావీదు కాయలు పక్కకు నెట్టాడు. "పదేండ్లున్నప్పుడు గా గుడికి రాళ్ళు మోసిన. మా నాయిన మోసిండు, మా అవ్వ సున్నం మోసింది. ఒక్క రాయి మీదన్న దావీదని ఉన్నదా? లేదు. ఏనాడు బాధ గాలే. నీ పేరు అచ్చుల సూసినంక గిప్పుడైతున్నది." అని లేచి లోపలికి వెళ్ళాడు.

తర్వాత నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. చెప్పవలసింది కోడికి చెప్పేవాడు. "ఇంట్ల ఉప్పు వడిసింది. ఎవలన్న ఇంటున్నరో లేదో" అని కోడి వైపు చూసి అనేవాడు. ఎలిశిబా ఉప్పు తెచ్చేది. "చాయల శక్కరెక్కువైంది" అని మళ్ళీ కోడికే.

ఉత్తరం రాయలేక ఆమె రోజులు జరుపుతూ వచ్చింది. నవంబరు మొదలైంది. ఒకనాడు ల్యాబుకు ఒక తల్లి ఆరేళ్ళ పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎలిశిబా స్లైడు చేసి, అంచు నుంచి అంచు దాకా రెండుసార్లు చూసింది. మలేరియా లేదు.

"ఉన్నదని రాయుండ్రి అమ్మా," అంది ఆ తల్లి. "మా పెద్దదానికి గట్లనే రాస్తె బిళ్ళలిచ్చిండ్రు, తగ్గింది. గివ్వి తెలిసిన బిళ్ళలు. లేదంటె డాక్టరమ్మ ఇంకేం పరీక్షలంటదో."

"లేనిది ఉన్నదని రాస్తె, ఉన్నది దొరకదమ్మా. డాక్టరమ్మ ఇంకోటి ఎతకదు."

ఆ మాట అలవాటుగా అనేసి, కాగితం మీద ‘లేదు’ అని రాసిచ్చింది. డాక్టరమ్మ వెతికింది. పిల్లకు టైఫాయిడ్ అని తేలింది. రిచర్డ్‌ను తీసుకుపోయిన జ్వరమే అది. ఆ మధ్యాహ్నం ఎలిశిబా అన్నానికి ఇంటికి పోలేదు. ల్యాబులోనే కూర్చుని ఉత్తరం రాసింది. ఒకటిన్నర పేజీ. ఏడు సీసాల లెక్క, తేదీలు, ఏ సీసాలో ఎన్ని, కాళ్ళు ఎలా ఉన్నాయి. చివర ఇలా ఉంది.

‘లావువాటిని, సన్నవాటిని ఏరి వేరువేరు గొట్టాల్లో వేసినది నేను. మధ్యరకంవి పారవేసినాను. ఇది మీకు తెలియజేయలేదు. పొరపాటు నాది. ‘ఎలిశిబే’ అన్నది వేరే జాతి కాదని నాకు నమ్మకం కలిగినది. స్లైడ్లు నలభై పంపుచున్నాను. డిసెంబరు లోపల చూడగోరుతాను.’

స్లైడ్లను దూదిలో చుట్టి చెక్కపెట్టెలో సర్ది తపాలాకచేరీకి తానే తీసుకెళ్ళింది. వారం గడిచింది, జవాబు రాలేదు. రెండు వారాలైంది. మూడు వారాలైంది. ఆయనకు కోపం వచ్చిందనే అనుకుంది. రాదా మరి? ఐదేళ్ళుగా ఆయన చెప్పింది నేర్చుకుని, ఆయన పెట్టిన పేరే తప్పని ఆయనకే రాసింది.

డిసెంబరు మొదటి శనివారం ప్రభాకర్ రావు హైదరాబాదు బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఇంటికే వచ్చాడు. వాకిట్లో దావీదు ఉన్నాడు.

"మీరేనా సార్, పేరు వెట్టింది?"

"నేనేనండి."

"తీసేసేటోళ్ళు గూడ మీరేనా?"

"తీసేసింది మీ అమ్మాయండి. నాకంత ధైర్యం ఎక్కడిది?"

దావీదుకు ఆ జవాబు నచ్చినట్టుంది. "కూసోండ్రి" అని మంచం వాల్చాడు. "బిడ్డా, సారొచ్చిండు" అని లోపలికి కేకేశాడు. చిక్కుడుకాయల సాయంత్రం తర్వాత ఆయన నేరుగా కూతురిని పిలిచింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ల్యాబులో ప్రభాకర్ రావు మధ్యాహ్నమంతా తల ఎత్తలేదు. మైక్రోస్కోపు కంటి గొట్టంలో కొలత గీతల బిళ్ళ అమర్చి, సీసాల్లో ఉన్నవీ తాను వెంట తెచ్చిన స్లైడ్ల మీదివీ కలిపి మగపురుగులన్నిటి ముందుకాళ్ళూ కొలిచాడు. ఆయన అంకె చెబుతుంటే ఎలిశిబా రాసింది. ఎనభై మూడు అంకెలయ్యాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా రాసి, ఆ కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

"మధ్యలో గీత గీద్దామంటే సందు లేదండీ," అన్నాడు. "ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి."

"తప్పు నాది సార్. ఏరకుంట పంపేదుండె."

"ఏరకుండా పంపండని నేను చెప్పానా? చెప్పలేదు. గొట్టంలో అన్నీ ఒకే సైజువి ఎలా ఉన్నాయని అడిగానా? అదీ లేదు. ముచ్చటగా ఉన్నాయనుకున్నాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు వారాలు మీకు జవాబు రాయలేదు. మొదటి వారం మీదే తప్పని నిరూపిద్దామని కూర్చున్నాను. కాలేదు. ఈ కాళ్ళ సంగతి ఒక్కదాంతో పోయేది కాదు. ఈ ప్రజాతిలో ఇంకో మూడు పేర్లు ఇలాంటి లావుకాళ్ళను చూసి పెట్టినవే. అవీ అనుమానమే. పట్టిక మొత్తం మళ్ళీ రాయాలి."

"డిసెంబరుల అచ్చుకు?"

"పోదు. రెండేళ్ళు పడుతుంది. మీరు సీసాలు పెడితే."

ఎలిశిబా సీసాలు పెడతానంది.

సాయంత్రం బస్సెక్కే ముందు ప్రభాకర్ రావు మళ్ళీ ఇంటికి వచ్చి చాయ తాగాడు. దావీదు అప్పటిదాకా పట్టి ఉంచిన ప్రశ్న అడిగాడు.

"సార్, గిప్పుడు గా పేరును రబ్బరువెట్టి తుడుస్తరా?"

"తుడవడానికి లేదండి, అది రూలు. ఒకసారి అచ్చయిన పేరు పోదు. పాతపేరు పైన ఉంటుంది. దాని కింద, ఫలానా సంవత్సరంలో ఈ పేరుతో కూడా పిలిచారు అని దీన్నీ రాయాలి. ఎవరు రాసినా, ఎన్నేళ్ళకు రాసినా, రాయాల్సిందే."

"కిందనా?"

"కిందే."

దావీదు చాయ గ్లాసులు లోపల పెట్టి వచ్చి, ప్రభాకర్ రావు సంచి తానే పట్టుకుని బస్సు దాకా నడిచాడు.

పట్టిక అరవై తొమ్మిది చివర అచ్చయింది. ‘ఎలిశిబే’తో కలిపి పదకొండైన పేర్లు ఏడుకు తగ్గాయి. మొదటి ప్రశ్న ముందుకాళ్ళది కాదు, తల మీది వెంట్రుకలది. ముందుకాళ్ళను నమ్మకూడదని వేరే పేరా ఉంది. మెదక్‌లో ఎలిశిబా అనే ఆవిడ ఒక్కొక్క తల్లి నుంచి పెంచి చూడటం వల్ల ఇది తేలిందని అందులో రాశారు. ఆ వ్యాసం ఇంటికి వచ్చిన రోజు దావీదు ముందు అది అడగలేదు. పేర్ల జాబితా తీయమన్నాడు. ఎలిశిబా వేలు పెట్టి చూపించింది.

"గింత సన్నటక్షరాలా?"

"కింద ఉన్నయన్ని గట్లనే ఉంటయి నాయినా."

"పైన ఉన్నదెవలు?"

"ముందు పెట్టిన పేరు. నాకన్న ముప్పై ఏండ్లు ముందు."

దావీదు ఆ రెండు వరుసల వైపూ చూశాడు. "పెద్దోడన్నట్టు," అన్నాడు. "సరే. పెద్దోడు పైన్నే ఉండాలె." అని గోటితో సన్నక్షరాల కింద గీత పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని చౌరస్తా వైపు వెళ్ళాడు.

డెబ్బై రెండులో దావీదు పోయాడు. ఎలిశిబాకు ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. దవాఖాన ల్యాబులోనే పనిచేస్తోంది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలకు నెత్తురు స్లైడు చూడటం నేర్పుతుంది.